వచ్చిపోయే నీరసం: పాత స్పోర్ట్సు కారుకు రోగనిర్ణయం

యంత్రాలకు కలిగే లోపాలు రెండు విధాలు. ఎల్లప్పుడూ కనిపించేవి ఒక విధం. కనిపించి మాయమయ్యేవి మరొక విధం. మొదటివాటిని పట్టుకోవడం కష్టం కాదు. విరిగిన స్ప్రింగు విరిగే ఉంటుంది. చిల్లుపడిన రేడియేటరు కారుతూనే ఉంటుంది. రెండవ విధం లోపాలు చలిజ్వరం వంటివి. జ్వరం లేని వేళ వైద్యుని ఎదుట కూర్చున్న రోగి ఆరోగ్యవంతుని వలెనే కనిపిస్తాడు. అప్పుడు నాడి చూసి ప్రయోజనం లేదు. జ్వరం ఏ వేళకు వస్తున్నదో, ఎంతసేపు ఉంటున్నదో, ఎట్లా దిగుతున్నదో అడిగి తెలుసుకోవాలి.

పాత స్పోర్ట్సు కార్లలో తరచు కనిపించే ఒక లోపం సరిగ్గా ఇటువంటిదే. ఇరవై నిమిషాలు హాయిగా పరుగెత్తిన కారు ఉన్నట్టుండి నీరసిస్తుంది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా వేగం పుంజుకోదు. దగ్గుతుంది, కుదుపుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. పది నిమిషాలు నీడన నిలిపి మళ్ళీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు బయలుదేరుతుంది. షెడ్డుకు చేర్చేసరికి జబ్బు జాడ ఉండదు. మెకానిక్కు ఊహ మీద ఒక భాగం మారుస్తాడు. రెండు రోజులు బాగుంటుంది. మూడవనాడు మళ్ళీ అదే కథ. ఈ విధంగా కాయిలు, పంపు, కార్బురేటరు ఒకదాని తరువాత ఒకటి మారిపోతాయి. డబ్బు పోవడం ఒక నష్టం. యాభై అరవై ఏళ్ళుగా కారుతోపాటు వచ్చిన అసలు భాగాలు పాత ఇనుపసామాను కొట్టుకు చేరడం అంతకంటె పెద్ద నష్టం. రద్దీగా ఉన్న వంతెన మీద, వెనుక లారీలు తరుముకు వస్తుండగా బండి నిలిచిపోతే కలిగే అపాయం అన్నిటికంటె పెద్దది.

అంబాసిడరుకు దగ్గరి బంధువు

ఈ జబ్బును గురించి ముచ్చటించుకోవడానికి కోల్‌కతా తగిన నగరం. పాత కార్ల మీద ఆ నగరానికి ఉన్న మమకారం ప్రసిద్ధమైనది. ‘ది స్టేట్స్‌మన్’ పత్రిక దశాబ్దాల తరబడి నిర్వహించిన పాతకార్ల ర్యాలీ అక్కడి వేడుకలలో ఒకటిగా పేరుపొందింది. పార్కు స్ట్రీటు, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డు కలిసే చోట ఉన్న మల్లిక్ బజారు పాత మోటారు విడిభాగాలకు పెట్టింది పేరు. నగరానికి ఎగువన, హుగ్లీ నది ఆవలి ఒడ్డున ఉన్న ఉత్తరపారాలోని హిందుస్తాన్ మోటార్సు కర్మాగారం 2014 మే నెల వరకు అంబాసిడర్ కార్లను తయారుచేసింది.

అంబాసిడరుకూ స్పోర్ట్సు కారుకూ సంబంధమేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. సంబంధం దగ్గరిదే. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారుకు అంబాసిడర్ భారతీయ రూపం. 1959 నుండి దానిలో అమర్చిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషను వారి ‘బి’ శ్రేణికి చెందినది. 1955లో వెలువడిన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్సు కారులో మొదట అమర్చినది కూడా అదే శ్రేణికి చెందిన, అదే పరిమాణం గల ఇంజను. 1962లో వచ్చిన ఎం.జి.బి.లో దానిని 1798 ఘన సెంటీమీటర్లకు పెంచారు. స్పోర్ట్సు కారుకు జంట కార్బురేటర్లు పెట్టి, మరింత శక్తి వచ్చేటట్టు సవరించారు. ఎముకల గూడు మాత్రం ఒక్కటే. కనుక టాక్సీ అంబాసిడర్లను బాగుచేసిన చేతికి ఎం.జి. ఇంజను పరాయిది కాదు.

కాని అటువంటి చేతులు తగ్గిపోతున్నాయి. 15 సంవత్సరాలు దాటిన వాణిజ్య వాహనాలను కోల్‌కతా మహానగర ప్రాంతం నుండి తొలగించాలని కలకత్తా హైకోర్టు 2008లో ఉత్తర్వు చేసింది. తరువాత అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. పసుపుపచ్చని టాక్సీలు ఏటేటా పలచబడ్డాయి. బండ్లు తగ్గితే బండి మొరను చెవితో విని జబ్బు చెప్పగల పనివారూ తగ్గుతారు. అందువల్ల వారి విద్యలోని పద్ధతిని కారు యజమాని కొంతైనా తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది. ఆ పద్ధతిని ఒక్క మాటలో చెప్పవచ్చు: భాగాన్ని మార్చడానికి ముందు ప్రశ్న వేయాలి, ఆ ప్రశ్నను జబ్బు కనిపించిన క్షణంలోనే వేయాలి.

మొదటి సాధనం నోటుపుస్తకం

రోగనిర్ణయానికి మొదటి పనిముట్టు పానా కాదు, కాగితం. లోపం కనిపించిన ప్రతిసారీ కొన్ని వివరాలు రాసుకోవాలి. బయలుదేరి ఎంతసేపయింది? ఎంత దూరం వచ్చింది? ఇంజను వేడి ఎంత ఉన్నది? టాంకులో పెట్రోలు ఏ మట్టాన ఉన్నది? కారు నిలకడ వేగంతో పోతున్నదా, ఎత్తు ఎక్కుతున్నదా, ట్రాఫిక్కులో నిలిచి ఉన్నదా? ఎండా, వానా? ఎంతసేపటికి తేరుకున్నది? ఇటువంటి అయిదారు నమోదులు చేరేసరికి జబ్బుకు ఒక ముఖం ఏర్పడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. శక్తి ఎట్లా పోయింది? స్విచ్చి ఆర్పినట్టు ఒక్కసారిగా పోయిందా, లేక చమురు తగ్గిన దీపం వలె క్రమంగా మలిగిందా? ఒక్కసారిగా పోయి, ఒక్కసారిగా తిరిగివస్తే విద్యుత్తును అనుమానించాలి. క్రమంగా మలిగి, కాసేపు ఆగిన తరువాత తేరుకుంటే పెట్రోలును అనుమానించాలి. విద్యుత్తుతో పనిచేసే టాకోమీటరు ఉన్న కార్లలో మరొక సాక్ష్యం దొరుకుతుంది. చక్రాల ఊపుకు ఇంజను ఇంకా తిరుగుతుండగానే ముల్లు ఠక్కున సున్నకు పడిపోతే మెరుపు పుట్టించే వలయం ఎక్కడో తెగుతున్నదని అర్థం.

కార్బురేటరు జబ్బులలో ఎక్కువ భాగం డిస్ట్రిబ్యూటరులోనే ఉంటాయని పాత మెకానిక్కుల మధ్య ఒక పరిహాసోక్తి ఉన్నది. అందులో నిజం లేకపోలేదు. రెండు లోపాలూ పైకి ఒకే విధమైన దగ్గుగా వినిపిస్తాయి. అందుచేతనే పరీక్ష లేకుండా తీర్పు చెప్పరాదు.

ఆ క్షణంలో చేయవలసినది

కారు నీరసించగానే సురక్షితమైన అంచుకు చేర్చాలి. అక్కడ క్లచ్చి నొక్కి, ఇంజనును వెంటనే ఆర్పాలి. కాసేపు వట్టిగా తిరగనిస్తే సాక్ష్యం చెరిగిపోతుంది. చేయి కాలకుండా జాగ్రత్తపడి స్పార్కు ప్లగ్గులు విప్పి చూడాలి. అవి తెల్లగా, పొడిగా ఉంటే ఇంజనుకు పెట్రోలు చాలలేదు. పెట్రోలుతో తడిసి ఉంటే మెరుపు అందలేదు. నల్లని మసి పట్టి ఉంటే పెట్రోలు అతిగా వస్తున్నది.

తరువాత కార్బురేటరు పక్కనున్న ఫ్లోటు గిన్నె మూత తీసి చూడవచ్చు. విద్యుత్ పంపు ఉన్న కార్లలో తాళం ఆర్పితే పంపు కూడా ఆగిపోతుంది. కనుక లోపం వచ్చిన సమయంలో గిన్నె ఎట్లా ఉన్నదో అట్లాగే ఉంటుంది. గిన్నె నిండుగా ఉంటే పెట్రోలు దారి చాలావరకు నిర్దోషి. ఖాళీగా ఉంటే వెనుకకు వెతుక్కుంటూ పోవాలి. ఈ పని చేసేటప్పుడు దగ్గరలో నిప్పు, సిగరెట్టు ఉండరాదు; మంటలార్పే సాధనం చేతికందేటట్టు ఉండాలి. వేడెక్కిన ఎగ్జాస్టు మీద పెట్రోలు చిందితే ప్రాణాపాయం.

పెట్రోలు దారి

పెట్రోలు టాంకు నుండి కార్బురేటరు వరకు ఉన్న దారిలో ఎక్కడ ఇరుకైనా లక్షణం ఒక్కటే. నెమ్మదిగా పోయేటప్పుడు ఏమీ తెలియదు. విద్యాసాగర్ సేతు వంటి ఎత్తు ఎక్కేటప్పుడు, జాతీయ రహదారి మీద నిలకడగా వేగం పట్టినప్పుడు బయటపడుతుంది. చిన్న లెక్క వేసి చూడవచ్చు. 100 కిలోమీటర్లకు 10 లీటర్లు తాగే కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే గంటకు 6 లీటర్లు, అంటే నిమిషానికి 100 మిల్లీలీటర్లు కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. సన్నధారగా నిమిషానికి 80 మిల్లీలీటర్లే వస్తే ఫ్లోటు గిన్నెలోని నిల్వ తీరేదాకా కారు బాగా నడుస్తుంది. ఆ తరువాత నీరసిస్తుంది. నిలిపితే గిన్నె మళ్ళీ నిండుతుంది. వచ్చిపోయే జబ్బు రహస్యం చాలాసార్లు ఇంతే. గొట్టం విప్పి, పంపు నిమిషానికి ఎంత పోస్తున్నదో కొలపాత్రతో చూస్తే సందేహం తీరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పంపు అవసరానికి కొన్ని రెట్లు ఎక్కువే పోయాలి.

అన్నిటికంటె సులభమైన పరీక్ష పెట్రోలు టాంకు మూతది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ టాంకులోకి గాలి రావాలి. ఆ సన్నని గాలిరంధ్రం మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పంపును వెనుకకు లాగుతుంది. కారు నీరసించినప్పుడు మూత తిప్పగా ‘సుయ్’మని గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఇంజను తేరుకుంటే చికిత్స పైసా ఖర్చు లేనిది. స్కూటరు, మోటారు సైకిలు నడిపేవారికి సైతం ఈ పరీక్ష ఉపయోగపడుతుంది.

తరువాతి అనుమానితుడు టాంకులోని తుప్పు. తుప్పు పెచ్చులు పెట్రోలుతో కొట్టుకువచ్చి పీల్చే గొట్టం మూతికి అంటుకుంటాయి. ఇంజను ఆగగానే పీల్పు ఆగి, అవి అడుగుకు రాలిపోతాయి. అందుకే పది నిమిషాల విశ్రాంతితో జబ్బు నయమైనట్టు తోస్తుంది. ఫిల్టరు ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు, ఎందుచేతనంటే అడ్డం ఫిల్టరుకు ముందే ఉన్నది. రబ్బరు గొట్టాలది మరొక మాయ. పైకి దిట్టంగా కనిపించే గొట్టం లోపలి పొర ఊడి, తలుపురెక్క వలె అప్పుడప్పుడు దారి మూస్తుంది.

ఎం.జి. కార్లలో వెనుక భాగాన ఉండే ఎస్.యు. విద్యుత్ పంపు తన క్షేమసమాచారం తానే చెబుతుంది. ఫ్లోటు గిన్నెలు నిండి ఉన్నప్పుడు అది అరుదుగా ‘టిక్కు’మంటుంది. ఆగకుండా టకటక కొట్టుకుంటే ఎక్కడో గాలి పీలుస్తున్నది, లేదా టాంకు ఖాళీ అయింది. ఇంజను పెట్రోలుకు అలమటిస్తుండగా పంపు మౌనంగా ఉంటే దాని కాంటాక్టులు అంటుకుపోయి ఉండాలి, లేదా దానికి కరెంటు అందడం లేదు. మెల్లగా తట్టగానే మళ్ళీ మొదలుపెడితే కాంటాక్టుల నేరం దాదాపు రుజువైనట్టే.

మెరుపు దారి

విద్యుత్ లోపాలలో వేడికి సంబంధించినవి ఎక్కువ. కాయిలులోని తీగచుట్ల పూత వేడికి దెబ్బతింటే మెరుపు బలహీనపడుతుంది, చల్లారితే తేరుకుంటుంది. డిస్ట్రిబ్యూటరులోని చిన్న కండెన్సరు కూడా ఇట్లాగే మోసం చేస్తుంది. కండెన్సరు చెడితే కాంటాక్టు పాయింట్లు త్వరత్వరగా కాలి నల్లబడతాయి. ఇది చవకైన భాగం. బాగుందని రుజువైన మరొకదానితో మార్చి చూడటం తప్పు కాదు. కొత్తగా కొన్నది కాబట్టి అది మంచిదేనని మాత్రం నమ్మరాదు.

పాత లూకాస్ డిస్ట్రిబ్యూటరులో ప్రత్యేకంగా చూడవలసిన చోటు ఒకటి ఉన్నది. కాంటాక్టు పాయింట్లు అమర్చిన పళ్ళెం వాక్యూమ్ గొట్టం లాగినప్పుడల్లా కొద్దిగా తిరుగుతుంది. దానిని బయటి ఒంటితో కలిపే సన్నని అల్లిక తీగ వేలసార్లు వంగి వంగి లోపల తెగుతుంది. పైకి చెక్కుచెదరనట్టు కనిపిస్తుంది. యాక్సిలరేటరు ఒక స్థితిలో ఉన్నప్పుడు తెగిన కొసలు కలుస్తాయి. మరొక స్థితిలో విడిపోతాయి. ఎక్కువ దూరం మారకుండా, వేడితో పని లేకుండా, కాలు కదిపినప్పుడల్లా వచ్చిపోయే నీరసానికి ఇది తరచైన కారణం. తీగను వేళ్ళతో మెల్లగా లాగి, వంచి చూస్తే గుట్టు బయటపడుతుంది. పాయింట్ల మధ్య ఎడం 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉన్నదో లేదో అప్పుడే చూసుకోవాలి.

తాళపు స్విచ్చిని, దాని నుండి వచ్చే తీగను అనుమానిస్తే పరీక్ష సూటిగానే ఉంటుంది. ఫ్యూజు అమర్చిన తాత్కాలిక తీగతో బ్యాటరీ నుండి కాయిలుకు నేరుగా కరెంటు ఇచ్చి నడపాలి. జబ్బు కనిపించకపోతే దోషం స్విచ్చిలోనో, దారిలోని తుప్పు పట్టిన అతుకులలోనో ఉన్నది. ఇటువంటి తాత్కాలిక తీగ ఉన్నంతసేపు తాళం తీసినా ఇంజను ఆగదని గుర్తుంచుకోవాలి. ఇంజను తిరుగుతుండగా ప్లగ్గు తీగలను చేత్తో పట్టుకుని మెరుపు చూసే పాత అలవాటు ప్రమాదకరం. టైమింగు దీపాన్ని తీగకు తగిలిస్తే తప్పిపోయిన ప్రతి మెరుపూ కంటికి తెలుస్తుంది.

ఎండ, వాన

కోల్‌కతా వాతావరణం రెండు దిక్కులా పరీక్ష పెడుతుంది. ‘బి’ శ్రేణి ఇంజనులో కార్బురేటర్లు, ఎగ్జాస్టు గొట్టాలు ఒకే పక్కన ఉంటాయి. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్కులో చిక్కుకున్నప్పుడు కింది వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతుంది. పంపు ఆవిరిని నెట్టలేదు. మధ్యనుండే వేడి నిరోధక రేకును ఎప్పుడో విప్పిన మెకానిక్కు మళ్ళీ బిగించకపోతే ఈ బాధ రెట్టింపవుతుంది. వానకాలంలో డిస్ట్రిబ్యూటరు మూత మీద చెమ్మ చేరి, కంటికి కనిపించని పగులు వెంట మెరుపు దారి తప్పుతుంది. చీకటిలో బానెటు ఎత్తి చూస్తే నీలిరంగు తళుకులు కనిపిస్తాయి.

ఇటీవలి పెట్రోలు ఈ సమస్యకు కొత్త అధ్యాయం చేర్చింది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వాడుకలోకి వచ్చింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న టాంకుతో కారు వానకాలమంతా షెడ్డులో ఉంటే నీరు, ఇథనాలు కలిసి విడిపోయి అడుగుకు చేరవచ్చు. పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. పాత రబ్బరు దీనికి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. టాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మష్టు కరిగి ఫిల్టరుకు చేరుతుంది. ఇథనాలులో ఆక్సిజన్ ఉండడం వల్ల అదే సర్దుబాటులో ఇంజనుకు ఇంధనం కాస్త చాలకుండా పోతుంది. ఎస్.యు. కార్బురేటరు అడుగున ఉన్న జెట్టు మరను కొద్దిగా దించి దీనిని సరిచేయవచ్చు. గొట్టాలను మాత్రం ఇథనాలును తట్టుకునే రకంతో మార్చడమే మంచిది.

వాడుక తగ్గడం కూడా ఈ జబ్బును పెంచుతున్నది. 50 సంవత్సరాలు దాటిన వాహనాలను ‘వింటేజి’ వాహనాలుగా నమోదు చేసుకునే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించింది. అట్లా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు నింపుకోవడానికి, మరమ్మతుకు నడపవచ్చు, నిత్యవాడుకకు వీలులేదు. నెలల తరబడి కదలని కారులోనే తుప్పు, పాత పెట్రోలు, అంటుకుపోయిన కాంటాక్టులు ఎక్కువ.

ఇంజను నిర్దోషి అయినప్పుడు

నీరసమంతా ఇంజనుదే కానక్కరలేదు. బ్రేకు వదలకుండా పట్టుకుని ఉంటే కారు బరువెక్కినట్టు తోస్తుంది. ప్రయాణం తరువాత చక్రాల దగ్గర చేయి పెట్టి చూస్తే మిగిలినవాటికంటె ఒకటి వేడిగా ఉంటుంది. ఇంజను చప్పుడు హెచ్చినా కారు వేగం హెచ్చకపోతే క్లచ్చి జారుతున్నది. యాక్సిలరేటరు హఠాత్తుగా తొక్కినప్పుడు మాత్రమే తడబడితే ఎస్.యు. కార్బురేటరు పైగొట్టంలో నూనె తగ్గి ఉండవచ్చు. నాలుగు చుక్కలతో అది తీరుతుంది.

నయమైనదని చెప్పడానికి

ఏ పరీక్ష చేసినా ఒకసారికి ఒకే మార్పు చేయాలి. ఒకే రోజున కాయిలు, కండెన్సరు, ఫిల్టరు మూడూ మారిస్తే కారు బాగుపడవచ్చు. ఏది దోషమో మాత్రం ఎప్పటికీ తెలియదు. మంచి భాగాలు రెండు వృథాగా పోతాయి.

వచ్చిపోయే జబ్బు రెండు రోజులు రాలేదంటే నయమైనట్టు కాదు. ఇరవై నిమిషాలకొకసారి వచ్చే నీరసమైతే అదే ఎండలో, అదే ఎత్తు మీద, అదే వేగంతో రెండు గంటలు నడిపి చూడాలి. అప్పటికీ రాకపోతే నిపుణుడైన పనివాడు మరొక అడుగు వేస్తాడు. తీసివేసిన పాత భాగాన్ని మళ్ళీ బిగిస్తాడు. జబ్బు తిరిగివస్తే నేరం రుజువైంది. రాకపోతే ఆ భాగం నిర్దోషి. అసలు దోషి ఇంకా కారులోనే ఉన్నది, అన్వేషణ సాగవలసే ఉన్నది. ఇందుకు ఒక పూట ఎక్కువ పడుతుంది. నడిరోడ్డు మీద ఆగిపోయిన కారును నలుగురిచేత తోయించుకోవడంతో పోలిస్తే ఆ పూట ఏమంత ఎక్కువ కాదు.